ఆకు అడుగున చుక్కలు

గులాబీ ఆకును తిరగేసి, నీళ్ళ గొట్టం మూతిని దానికి జానెడు దూరంలో పెట్టి, బొటనవేలితో ధారను చదును చేసి, ఆయన కింద నుంచి పైకి కొట్టాడు. పైనుంచి కొడితే ఎర్రనల్లికి గొడుగు పట్టినట్టే. అది ఆకు అడుగున సాలెగూడులాంటి సన్నటి వల అల్లుకుని, తలకిందులుగా వేలాడుతూ, ఆకు రసం తాగుతూ హాయిగా కాపురం చేస్తుంది. అందుకే నలభై ఏళ్ళుగా ఆయన ప్రతి మొక్కనూ మునివేళ్ళ మీద గొంతుక్కూర్చుని కింద నుంచే పలకరిస్తున్నాడు. మొక్కల పైభాగం ఎలా ఉంటుందో కొనుక్కునేవాళ్ళు చూసుకుంటారు, అది ఆయన పని కాదు.

నర్సరీలో అందరూ ఆయన్ని బోర్లా బాబాయి అంటారు. ఆకులతో మొదలైన అలవాటు ఆకులతో ఆగలేదు. పళ్ళెం, కుర్చీ, చొక్కా, ఉత్తరం కవరు, ఏది చేతికొచ్చినా ముందు తిరగేసి అడుగు చూస్తాడు. పెళ్ళికి ముందు మొదటిసారి అత్తవారింటికి వెళ్ళినప్పుడు, చేతికిచ్చిన కప్పు అడుగు చూడబోయి వేడి టీ మొత్తం కాబోయే మామగారి ఒళ్ళో పోశాడు. మామగారు లేచి గంతులేస్తుంటే తలుపు పక్కన నిలబడ్డ అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైందని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. ఇంతకీ కప్పు అడుగున ఏముందని ఎవరైనా అడిగితే, "ఇంకేముంటుంది, నేనే" అంటుంది.

పద్దెనిమిదో ఏట నీళ్ళు మోయడానికి వచ్చాడు. ఒకరోజు పెద్ద యజమాని మల్లగుల్లాలు పడుతూ భూతద్దంతో వెతుకుతున్న ఆకును ఈ నీళ్ళ కుర్రాడు చేయి చాపినంత దూరం నుంచే చూసి, "మూడున్నాయండి, ఒకటి నడుస్తోంది" అన్నాడు. ఆ మాటతో బిందె దింపించి కాగితం చేతికిచ్చారు. తెల్లకాగితం ఆకు కింద పట్టుకుని ఆకును రెండుసార్లు తట్టాలి. కాగితం మీద చుక్కలు రాలతాయి. కదలనిది దుమ్ము, నడిచేది నల్లి. అంతే విద్య. ఈ విద్యతోనే ఆయన పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లల్ని చదివించాడు, జుట్టు తెల్లబరుచుకున్నాడు. పత్రికలో ఆయన ఫోటో ఎప్పుడూ పడలేదు, పడాలని ఆయనా అనుకోలేదు. కాకపోతే, ఆయన "బావుంది" అనకుండా ఒక్క మొక్క కూడా ఆ గేటు దాటలేదు.

ఇప్పుడాయన కూర్చున్నది నర్సరీ వెనక విడిగా, నాలుగు వైపులా వల కట్టిన షెడ్డులో. దాన్ని అందరూ ఆసుపత్రి అంటారు. ఊళ్ళో ఎవరింట్లో మొక్కకు నల్లి పట్టినా ఇక్కడికి తెచ్చి వదిలిపెడతారు. ప్రస్తుతం లోపల ముప్పై ఎనిమిది మంది రోగులు. పళ్ళ డాక్టరు గదిలో దిగులుగా నిలబడే రబ్బరు మొక్క, దర్జీ కిటికీ మీద పాకిన మనీప్లాంటు, రిటైరైన పోస్టుమాను బాల్కనీలో పెంచిన నిమ్మ, ఒకే మేడ మీద ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని కవలక్కచెల్లెళ్ళ చిక్కుడు తీగ, ఇలా. ప్రతి కుండీకీ ఒక అట్టముక్క వేలాడుతుంటుంది, దానిమీద ఎవరిదో రాసి ఉంటుంది.

మామూలుగా ఈ జబ్బుకు మూడు స్నానాలు చాలు. సబ్బునీళ్ళతో ఆకుల అడుగు కడగాలి, నాలుగు రోజులాగి మళ్ళీ కడగాలి, ఇంకో నాలుగు రోజులాగి మళ్ళీ. సబ్బునీళ్ళకు నల్లి చస్తుంది గానీ గుడ్డు చావదు. ఆ గుడ్డు పిల్లయ్యేసరికి రెండో స్నానం, వెనకబడ్డ గుడ్లకు మూడోది. పన్నెండో రోజుకల్లా రోగులు నవ్వుతూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. కానీ ఈసారి ఎనిమిది స్నానాలయ్యాయి. నెల దాటింది. కాగితం పట్టి తట్టిన ప్రతిసారీ చుక్కలు నడుస్తూనే ఉన్నాయి.

ఈ విషయం మీద ఆయనకూ కుండీల్లో మట్టి నింపే అక్కకూ వారం రోజులుగా చర్చ జరుగుతోంది. కుండీలక్క ఆయన కంటే పదేళ్ళు చిన్నది. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకుని చెవికి తగిలించుకుంటుంది.

"అన్నయ్యా, నాకేం కనపడట్లేదు," అంది ఆ ఉదయం కూడా, కాగితంలోకి తొంగి చూసి.

"నీకు బస్సు మీదకొచ్చేదాకా బస్సే కనపడదు. నల్లి కనపడుతుందా?"

"కొత్తాకు చూడు. చుక్క మచ్చ లేకుండా వచ్చింది. నల్లి ఉంటే పాలిపోయి రావాలి కదా."

"కొత్తాకు పైకి అలాగే నవ్వుతుంది. కింద చూడాలి."

"పోనీ వేలితో కాగితం రుద్దితే సరిపోదా? నల్లి చితికితే ఎర్రగా గీత పడుతుంది. దుమ్మైతే పడదు."

"వేలితో రుద్దడం చూపులేనివాళ్ళ పని చెల్లెమ్మా," అని ఆయన కాగితం దులిపేశాడు. కుండీలక్క మట్టిచేతులు నడుముకు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వాదించదు, తన మాట నెగ్గే రోజు వస్తుందని నమ్మి ఊరుకునే రకం.

ఇంట్లో పరిస్థితి ఇంతకంటే దారుణంగా ఉంది. నల్లిని బట్టల మీద ఇంటికి మోసుకెళ్తున్నానని ఆయనకు గట్టి అనుమానం. సాయంత్రం గుమ్మంలోనే చొక్కా విప్పేస్తున్నాడు. తెల్ల దుప్పటి మీద చుక్క కనపడిందని దాన్ని రెండుసార్లు ఉడకబెట్టించాడు. పాలగ్లాసు ముందు పెట్టుకుని అందులోకే చూస్తూ కూర్చుంటాడు. "పాలల్లో ఏముందని చూస్తారు, చల్లారిపోతున్నాయి," అని భార్య కసిరితే ఒక్క గుక్కలో తాగేసి మాట మారుస్తాడు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి నల్లిని ఇంటికి తెచ్చాడంటే ఎంత నామర్దా.

పదకొండు గంటలకు చిన్న యజమాని వచ్చింది. పెద్ద యజమాని కూతురు. ఈ ఆవరణలోనే, గింజల పొట్లాలు లెక్కబెడుతూ అంకెలు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు ముప్పై దాటాయి, నర్సరీ అంతా ఆమె చేతిలోనే ఉంది. షెడ్డు పక్క మళ్ళలోకి వచ్చే వారం కొత్త నారు దిగుతోంది. గాలికి నల్లి తన దారం పట్టుకుని ఊగుతూ వెళ్ళి ఆ నారు మీద వాలిందంటే ఏడాది పని మొత్తం పోయినట్టే. అందుకే ఆమె గడువు పెట్టింది. ఈ రోజు పరీక్షలో చుక్క నడిస్తే ముప్పై ఎనిమిది మొక్కలనూ వెనక గోతిలో వేసి కాల్చేయాలి. మొక్కల వాళ్ళకు ముందే కబురు పంపింది. దర్జీ సగం విని ఫోను పెట్టేశాడట. పోస్టుమాను మాత్రం, నా నిమ్మ కాయలు కాయకపోయినా పరవాలేదు, ఉంటే చాలని చెప్పమన్నాడట.

"చూడండి బాబాయ్," అని ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడింది.

ఆయన కొత్త కాగితం తీశాడు. గులాబీ తట్టాడు. నిమ్మ తట్టాడు. చిక్కుడు తీగ తట్టాడు. కాగితాన్ని వెలుగులోకి ఎత్తి పట్టి చూశాడు. చుక్కలు నడిచాయి. ఒకటి అంచు దాకా పోయి జారిపోయింది. నడుస్తున్నదాన్ని నడవలేదని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. పెద్ద యజమాని అక్క పెళ్ళికి అద్దంలా మెరిసే రెండు వందల కుండీలు సిద్ధం చేస్తే, వాటిలో ఒక్కదాంట్లో ఒక్క నల్లి ఉందని లారీ దింపించిన మనిషి.

"ఉన్నాయి అమ్మాయ్."

"ఎక్కువా?"

"ఒక్కటున్నా ఉన్నట్టే కదా."

ఆమె ఇంకోసారి చూడమని అనలేదు. "మీరు చెప్పాక ఇంకేముంది," అంది. మూడు గంటలకు గోతి దగ్గరకు చేర్పించమని కుండీలక్కకు చెప్పి, తలుపు దగ్గరున్న రబ్బరు మొక్క ఆకును ఒకసారి ముట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె కాస్త గట్టిగా పోట్లాడినా బావుండేదని ఆయనకు అనిపించింది. అంత నమ్మకం తట్టుకోవడం కష్టం.

ఆయన వరసల మధ్య ఒకసారి తిరిగాడు. ఎనిమిది స్నానాలు చేసిన మొక్కలు. ఏ రాజుగారి తోటలోనూ ఇంత శుభ్రమైన ఆకులు ఉండవు. చిక్కుడు తీగ పూత కూడా పట్టింది, పిచ్చిది. ఇన్నేళ్ళలో ఒకటీ అరా మొక్కలు పోయాయి గానీ, ఇలా షెడ్డుకు షెడ్డు ఎప్పుడూ పోలేదు.

మధ్యాహ్నం స్టోరు గది నీడలో కూర్చుని అన్నం డబ్బా మూత తీశాడు. పైన ఉడకబెట్టిన గుడ్డు. పెంకు వలిచాడు. తెల్లగా, నున్నగా, తడిగా మెరుస్తున్న గుడ్డు మీద ఒక నల్లి నడుచుకుంటూ వెళ్ళింది.

ఆయన దాన్ని తుడిచాడు. పోలేదు. గుడ్డును తిరగేశాడు. అవతల వైపూ ఉంది. లేచి వెళ్ళి గుడ్డును కుళాయి కింద, అలవాటు ప్రకారం కింద నుంచి పైకి కడిగాడు. ఇంకా ఉంది. అప్పుడు ఆయనకు మొదటిసారి ఒక సందేహం వచ్చింది. ఆకు రసం తాగి బతికే పురుగుకు ఉడికిన గుడ్డు మీద ఏం పని?

గుడ్డు చేతిలో పట్టుకునే తలెత్తాడు. ఎదురుగా పోయిన వారమే సున్నం వేసిన స్టోరు గోడ. గోడ నిండా నల్లులే. ఒకటి కాదు రెండు కాదు, సంతకు వెళ్తున్నట్టున్నాయి. ఆయన ఎడమ వైపు చూశాడు, అవన్నీ ఎడమకు పరిగెత్తాయి. కుడి వైపు చూస్తే కుడికొచ్చాయి. చూపు ఒకచోట నిలిపితే అవీ నిలబడి, నీళ్ళలో మట్టి దిగినట్టు మెల్లగా కిందికి దిగాయి. నలభై ఏళ్ళలో ఏ నల్లీ ఆయన మాట విన్నది లేదు. ఇవి కళ్ళెత్తితే లేస్తున్నాయి, దించితే దిగుతున్నాయి.

ముందు భయం వేసింది. నెల రోజులుగా తాను కడుగుతున్నది తన కళ్ళలోని చుక్కలనన్నమాట. దుప్పటి ఉడకబెట్టించినదీ వాటికోసమే. ఆ తర్వాత, భయం సగంలో ఉండగానే, ఇంకో సంగతి తట్టింది. చుక్కలు ఇక్కడుంటే మొక్కల మీద లేవు. ముప్పై ఎనిమిదీ బాగున్నాయి. ఎప్పుడో, మూడో స్నానానికే బాగుపడి ఉంటాయి. ఆయనకు నవ్వు వచ్చింది. ఒంటరిగా, చేతిలో గుడ్డుతో, గోడకేసి చూస్తూ నవ్వాడు.

నవ్వు ఆగాక అసలు చిక్కు కనపడింది. ఇంకోసారి పరీక్ష చేశాను, ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయని చెబితే చాలు. అమ్మాయి సంతోషంగా నమ్ముతుంది, మొక్కలు ఇళ్ళకు వెళ్తాయి, బోర్లా బాబాయి బోర్లా బాబాయిలాగే ఉంటాడు. కళ్ళ సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. ఈ ఆలోచన ఆయనకు బాగా నచ్చింది, ఎంత నచ్చిందంటే గుడ్డు కూడా తినేశాడు. తిని, చేయి కడుక్కుని లేచేసరికి ఆవరణ చివర్నుంచి తోపుడుబండి చక్రం కిర్రుమంది. మూడు కూడా కాలేదు. కుండీలక్క పని వాయిదా వేసే మనిషి కాదు.

ఆయన పరిగెత్తాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, నారుమళ్ళ గట్ల మీద పంచె ఎగగట్టి పరిగెత్తడం చూసి గేటు దగ్గర మొక్కలు బేరమాడుతున్నవాళ్ళు బేరం ఆపి చూశారు. గోతి పక్కన ఎండుటాకులు పేర్చి ఉన్నాయి. బండిలోంచి మొదటి కుండీ దిగింది. పోస్టుమాను నిమ్మ.

"చెల్లెమ్మా ఆగు. దించకు."

కుండీలక్క కుండీని అలాగే పొట్టకానించి పట్టుకుని నిలబడింది. ఆయన జేబులోంచి కాగితం తీసి నిమ్మ కొమ్మ కింద పట్టి తట్టాడు. తట్టి, తాను చూడకుండా కాగితాన్ని ఆవిడ ముందుకు చాపాడు.

"నువ్వు చూడు."

ఆవిడ కుండీ దింపి, చెవికున్న దారం సర్దుకుని వంగింది. చాలాసేపు చూసింది. "దుమ్ము," అంది.

"నడుస్తోందా?"

"దుమ్ము నడుస్తుందా అన్నయ్యా?"

"వేలితో రుద్దు."

ఆ మాటకు ఆవిడ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. చూపుడువేలితో కాగితం మీద పొడుగ్గా రుద్దింది. బూడిదరంగు గీత పడింది. ఎరుపు లేదు. బండిలో ఉన్న తొమ్మిదీ, షెడ్డులో మిగిలిన ఇరవై ఎనిమిదీ అలాగే తట్టారు, అలాగే రుద్దారు. అన్నీ బూడిదరంగే. ఆవిడ వేలు ఒక్కసారి కూడా ఎర్రబడలేదు.

చిన్న యజమాని వచ్చేసరికి ఇద్దరూ షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. మధ్యలో గీతలు పడ్డ కాగితాలు. ఆయన లేచి నిలబడ్డాడు. దారిలో అల్లుకున్న మాటలేవో ఉన్నాయి, అవి నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"నల్లులు మొక్కల మీద లేవమ్మాయ్. నా కళ్ళలో ఉన్నాయి. గోడ మీద కూడా అవే కనపడుతున్నాయి."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఈలోగా కుండీలక్కే అందుకుంది. "మా అమ్మకీ ఇలాగే అన్నయ్యా. దోమలనుకుని నెల రోజులు ఊరికే చప్పట్లు కొట్టింది. పక్కింటివాళ్ళు భజన అనుకున్నారు. వయసుకి వస్తాయిలే, కానీ ఒకసారి డాక్టరుకి చూపించుకోవాలి."

చిన్న యజమాని ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పొద్దుటి నుంచి ఆమె కూడా ముప్పై ఎనిమిది మందికి ఏం మొహం చూపించాలా అని అన్నం తినలేదు.

"ఇంకోసారి చూశాను, బాగున్నాయి అంటే సరిపోయేది కదా బాబాయ్. నేనేం అడిగేదాన్ని కాదు."

"సరిపోయేదే. రేపు ఇంకో మొక్క వస్తుంది కదా. దాన్నేం చేస్తాను?" అని ఆయన చేతిలో మిగిలిన తెల్లకాగితాల కట్ట కుండీలక్క ఒళ్ళో పెట్టాడు. "చెల్లెమ్మ చూస్తుంది. నాకు చూపున్నప్పుడు ఈవిడకి తెలివుందని తెలియలేదు."

కుండీలక్క కాగితాలు తిప్పి ఒత్తి సరిచేసుకుంది. తన మాట నెగ్గింది, ఇంక మాట ఎందుకు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నాలుగింటికల్లా నర్సరీ పెళ్ళిల్లులా తయారైంది. ఫోను చేసిన పావుగంటకే పోస్టుమాను వచ్చేశాడు. అన్నేళ్ళు ఇంటింటికీ మంచీ చెడూ మోసిన మనిషి, తన మొక్క కబురు వినగానే చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి రబ్బరు మొక్కను చూసి, "ఇది మాది కాదండి, మాది ఇంత పచ్చగా ఉండదు," అని తీసుకోనంది. అట్టముక్క మీద డాక్టరు సంతకం చూపిస్తే గానీ నమ్మలేదు. కవలక్కచెల్లెళ్ళు వేరువేరుగా వచ్చారు. పూత పట్టిన తీగను చూసి, "పూసింది చూశావా," అని ఒకావిడ అలవాటు తప్పి అనేసింది. "ఆఁ" అని రెండో ఆవిడ అనేసింది. మూడేళ్ళ తర్వాత ఆ రెండు మాటలు పుట్టాయి. తర్వాత తీగను చెరోవైపు పట్టుకుని, ఇంకేం మాట్లాడాలో తెలియక, గేటు దాకా ఒకే అడుగులో నడిచారు.

బోర్లా బాబాయి ప్రతివారి మొక్క దగ్గరా గొంతుక్కూర్చుని, వాళ్ళనూ కూర్చోబెట్టి, ఆకు తిరగేయించాడు. "ఎండాకాలం, పొడిగాలి, అప్పుడే నల్లి వచ్చేది. వారానికోసారి కింద చూడండి. వల కనపడితే సబ్బునీళ్ళు, కింద నుంచి. నాలుగు రోజులాగి ఇంకోసారి, ఇంకో నాలుగు రోజులకి మళ్ళీ. మూడుతో ఆపేయండి. నాలాగ ఎనిమిది చెయ్యకండి." ఒక్కొక్కరికీ కళ్ళ కథ కూడా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గోడ మీద నల్లుల సంఖ్య పెరిగింది, గుడ్డు పెద్దదైంది. పదోసారికి కుండీలక్క కూడా పని ఆపి వింది. ఆయన ఇంత మాట్లాడగా ఇన్నేళ్ళలో ఎవరూ వినలేదు.

రాలేకపోయినవాళ్ళ మొక్కలు ఆరు మిగిలాయి. వాటిని వ్యానులో ఇళ్ళకు చేర్చాలి. కుండీలు దొర్లకుండా పట్టుకోవడానికి ఎవరో ఒకరు వెనక ఎక్కాలి కదా అని ఆయనే ఎక్కాడు. దర్జీ మనీప్లాంటు ఒళ్ళో పెట్టుకుని, మిగిలిన అయిదింటి మధ్య కూర్చున్నాడు.

"రేపు పొద్దున్న కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. రెడీగా ఉండండి," అంది చిన్న యజమాని.

"ఉంటాను. షెడ్డుకి మాత్రం ఇంక రానమ్మాయ్. ఇంట్లో ఒకావిడ పెళ్ళైనప్పట్నుంచీ నన్ను వెలుతురు ఉండగా చూడలేదు. ఈ కాస్త చూపూ అక్కడ ఖర్చుపెడతాను."

ఆమె తలూపి, వ్యాను తలుపు తనే వేసింది. కుండీలక్క చేయి ఊపింది. వ్యాను గేటు దాటుతుంటే ఆకుల మధ్య నుంచి ఆయన మొహం కనపడింది. సాయంత్రపు తెల్లటి ఆకాశంలోకి చూస్తూ, అందులో ఈదుతున్న చుక్కలను అటూ ఇటూ తోలుకుంటూ, నవ్వుకుంటున్నాడు.

మర్నాడు ఉదయం కుండీలక్క కాగితాల కట్ట చంకలో పెట్టుకుని షెడ్డు తలుపు తీసింది. లోపల ఎవరూ లేరు. గుమ్మం పక్కన, బయటి మట్టి లోపలికి రాకుండా షెడ్డులో తిరగడానికి మాత్రమే ఆయన వేసుకునే రబ్బరు చెప్పుల జత ఉంది. మడమల దగ్గర అవి నిన్న కొన్నట్టే ఉన్నాయి, మునివేళ్ళ దగ్గర మాత్రం కింది సిమెంటు నేల కనపడేంతగా అరిగిపోయి ఉన్నాయి.